తమ్ముడి మీద ఆంక్షలు

మా పెద్దమామ పర్వతాలుకు ఉన్న జబ్బు ఒక్కటే. ప్రపంచంలో ఎవరు ఎవరి మీద పడి కొట్టినా, కొట్టినవాడి మీద ఆయన ఆర్థిక ఆంక్షలు విధిస్తాడు. దేశమైనా సరే, మనిషైనా సరే, చివరికి మా గల్లీలో కుక్కపిల్లను కరిచిన నల్లకుక్కైనా సరే. ఆ కుక్కకు ఎవరూ అన్నం పెట్టొద్దని ఇల్లిల్లూ తిరిగి చెప్పి వచ్చాడు. అది పక్క గల్లీకి పోయి, అక్కడ తిని, ఇంకా బలిసి వచ్చింది.

పెద్దమామ సికింద్రాబాద్ స్టేషన్ పార్శిల్ ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాడు. నేరేడ్‌మెట్‌లో సొంతిల్లు, పొద్దున పేపరు, సాయంత్రం టీవీ, మధ్యలో పరాయి దేశాల మీద కోపం. ఆయన మేనకోడలు కల్పలతను నేను. అదే గల్లీలో ఉంటాను. బండ్లకు బీమా క్లెయిములు చూసే ఉద్యోగం నాది. గుద్దినవాడు తనది తప్పని ఒప్పుకోవడం నా సర్వీసులో నేను చూడలేదు. అందుకే ఈ ఆంక్షల సంగతి మీద ఆయనకూ నాకూ రోజూ పడేది.

రష్యా ఉక్రెయిన్ మీదికి ట్యాంకులు తోలినప్పుడు ఆయన తన స్కూటర్‌లో పెట్రోలు పోయించడం మానేశాడు.

"ముడి చమురు ఆడికెల్లి సుత వస్తున్నదంట బిడ్డా. నేనీడ లీటరు పోయిస్తే ఆడ తుపాకిల గుండు పడ్తది" అన్నాడు.

"పెద్ద పెద్ద దేశాలు కొనుడు బంద్ చేస్తేనే ఆగలేదు. నువ్వు బంద్ చేస్తే లడాయి ఆగుతదా మామా?"

"ఆగది. గని నా పైసల గుండు ఒకటి తక్వైతది గద!"

స్కూటర్‌ను మూలన పెట్టాడా అంటే అదీ లేదు. కూరగాయలు తేవడానికి అదే కావాలి. మార్కెట్ దాకా తోసుకుంటూ పోయి, దాని మీద సంచులు పెట్టుకుని, మళ్ళీ తోసుకుంటూ వచ్చేవాడు. దారిలో ఎవరో ఒకరు జాలిపడేవారు.

"పెట్రోల్ అయిపోయిందా అన్నా? జెర బాటిల్‌ల తెచ్చియ్యాల్నా?"

"అయిపోలే. పోయిస్తలేను" అనేవాడు. ఇక ఆ జాలిపడ్డవాడు ఎండలో నిలబడి యూరప్ చరిత్రంతా వినాల్సిందే. రెండోసారి ఎవరూ జాలిపడలేదు.

తర్వాత సన్‌ఫ్లవర్ నూనె వంతు వచ్చింది. అది రెండు దేశాల నుంచీ వస్తుందట. ప్యాకెట్ మీద ఏ దేశానిదో రాయలేదు. ఎందుకైనా మంచిదని మొత్తానికే బంద్ పెట్టాడు.

"కొట్టినోనికి శిక్ష అంటే సరే. దెబ్బలు తిన్నోనికి సుత శిక్షనా?" అని మా పెద్దత్త కమలాబాయి అడిగింది. అలాంటి ప్రశ్నలు వచ్చినప్పుడు ఆయనకు దగ్గు వస్తుంది. ఆ రోజు చాలాసేపు దగ్గాడు.

యుద్ధం ఆగలేదు. ఆంక్షల మీద ఆంక్షలు వచ్చాయి, ఆ దేశం చమురును తగ్గింపు ధరకు అమ్మింది, కొనేవాళ్ళు కొన్నారు. కొన్నవాళ్ళలో మనమూ ఉన్నాం. టీవీలో నేలమాళిగల్లో వణుకుతున్న పిల్లల్ని చూపించి, వెంటనే వంటనూనె ప్రకటన వేసేవారు. అయ్యో పాపం అనుకుంటూనే పొద్దున్నే బంకుకు పోయి ట్యాంకు నింపించుకునేవాళ్ళం. ఏళ్ళు గడిచాయి. స్కూటర్ తోసీ తోసీ పెద్దమామ మోకాళ్ళు అరిగాయి తప్ప అక్కడ ఒక్క ఫిరంగి నోరు మూయలేదు.

అంతలో మా ఇంట్లోనే దండయాత్ర మొదలైంది.

చిన్నమామ హరికిషన్, పెద్దమామకు సొంత తమ్ముడు. గల్లీలో మూడిళ్ళు వరసగా ఉంటాయి. కుడివైపు పెద్దమామది, నడుమ చిన్నమామది, ఎడమవైపు ప్రిసిల్లా టీచర్‌ది. చిన్నమామకు టెంట్ హౌస్ ఉంది. షామియానాలు, కుర్చీలు, వంటగిన్నెలు అద్దెకిస్తాడు. సామానంతా ఇంటి వెనక రేకుల షెడ్డులో ఉంటుంది. వ్యాను వెనక్కి పోవడానికి ఇరుకవుతోందని, ప్రిసిల్లా టీచర్ సెలవులకు ఊరెళ్ళిన సమయం చూసి, నడిమి గోడ కూలగొట్టి ఆమె పక్కసందులో సగందాకా జరిగి కొత్త గోడ కట్టేశాడు.

"మా తాత ఎడ్లబండి గీన్నే నిలవెట్టేటోడు. జాగ మాది" అన్నాడు అడిగినవాళ్ళతో.

పరాయి నేల మీదికి పోయే ప్రతివాడికీ ఒక తాత ఉంటాడు, ఆ తాతకో ఎడ్లబండి ఉంటుంది.

ప్రిసిల్లా వాళ్ళ వాకిలికి ఆ సందే దారి. వాళ్ళమ్మ జెరూషమ్మ పాతకాలం నర్సు. తుంటి ఎముక విరిగి చక్రాల కుర్చీలో ఉంది. ఆదివారం పొద్దున ఆటో ప్రభుదాస్ వచ్చి కుర్చీని సందు దాటించి, చర్చికి తీసుకుపోయేవాడు. వారమంతా ఆమె ఎదురుచూసేది దానికోసమే. కొత్త గోడ వచ్చాక ఆ సందులో కుర్చీ పట్టలేదు. "ఎత్తుకపోత అమ్మా, ఫికర్ చెయ్యకు" అన్నాడు ప్రభుదాస్.

"ఒద్దు నాయినా. నన్ను మోసుకపొయ్యేది ఒక్కపారే. గది గిప్పుడే ఎందుకు?" అన్నది జెరూషమ్మ.

ఆనాటి నుంచి ఆమె గడప దాటలేదు. ఫోన్‌లో ప్రార్థన చూసేది. సిగ్నల్ పోయి పాస్టరు గారు నోరు తెరిచి అలాగే ఆగిపోయేవారు, ఈమె ఇంట్లో ఒక్కతే పాట పూర్తి చేసేది. కేసు వెయ్యమని నేను ప్రిసిల్లాకు చెప్పాను. "కేసు తేలేటాలకు నేను రిటైరైత కల్పలతా. అమ్మకు కావాల్సింది ఈ ఆదివారం" అంది. సొంత మేనమామ అయిపోయాడు గానీ, లేకపోతే ఆ గోడకు వాణ్ణే ఆనించి సిమెంటు పూసేదాన్ని.

పెద్దమామ తమ్ముడి ఇంటికి వెళ్ళాడు.

"గోడ తీయ్‌రా."

"తియ్య. నువ్వు నాకు అన్నవా, ఆమెకు అన్నవా?"

"నీకు అన్నను గాబట్కే నీ ఇంటికొచ్చిన. ఇంక రాను. ఇయాల్టి సంది హుక్కా పానీ బంద్!"

సాయంత్రం గల్లీవాళ్ళందరినీ పోగేసి ఆంక్షలు చదివాడు. హరికిషన్ టెంట్ హౌస్ నుంచి ఎవరూ ఏదీ అద్దెకు తేవద్దు. ఆయన ఇంట్లో ఎవరూ మంచినీళ్ళు కూడా ముట్టొద్దు. గల్లీ సంఘం అధ్యక్షుడు రాఘవేందర్ అందరికంటే ముందు చేయెత్తి, "ముసలామెను గిట్ల పరేషాన్ చేస్తే ఊకుంటమా!" అని గర్జించాడు. చప్పట్లు బాగా పడ్డాయి.

ఆంక్షల దెబ్బ మొదట తగిలింది పెద్దమామకే. రోజూ సాయంత్రం చిన్నత్త గోడ మీంచి అందించే అల్లం చాయ్ పోయింది. ఆదివారం తలకాయ కూర పోయింది. "పెట్టినోళ్ళమే పస్తుంటున్నం, గీ ఆంక్షలేందో!" అని పెద్దత్త పల్లీ నూనెలో వంకాయలు వేయించుకుంటూ సణిగేది.

నెల తిరక్కుండానే రాఘవేందర్ మనవడి తొట్టెల ఫంక్షన్ వచ్చింది. పెద్ద షామియానా, తెల్లటి తొడుగులు వేసిన కుర్చీలు. "ఏడికెల్లి తెచ్చినవ్?" అని పెద్దమామ అడిగితే, "యాప్రాల్ కెల్లి అన్నా. మన ఆంక్షలు ఆంక్షలే!" అన్నాడు రాఘవేందర్ గుండె మీద చెయ్యి వేసుకుని.

పెద్దమామ సంతోషంగా కూర్చున్నాడు. కూర్చున్న కుర్చీ కాలు కొంచెం వంకరగా ఉంది. ఆయనకు అనుమానం వచ్చి, లేచి తొడుగు ఎత్తి చూశాడు. కుర్చీ వీపు మీద ఎర్ర అక్షరాలతో "హరికిషన్ టెంట్ హౌస్, నేరేడ్‌మెట్" అని ఉంది. పక్క కుర్చీ తొడుగు ఎత్తాడు. దాని మీదా అదే. అందులో కూర్చున్నావిడ కెవ్వుమంది.

"ఏందిరా రాఘవేందర్ గిది?"

"అన్నా, నేను పైసలిచ్చింది యాప్రాల్ ఆయనకు. ఆయన యాడ తెస్తడో నాకేమెరుక? సౌకకు, తక్వ రేటుకు ఇచ్చిండు, తీస్కున్న."

యాప్రాల్ వాడు చిన్నమామ దగ్గర తక్కువకు తీసుకుని, తొడుగులు తొడిగి, మా గల్లీకే తెచ్చి అద్దెకిస్తున్నాడు. పెద్దమామ ఆ ఫంక్షన్ అయ్యేదాకా నిలబడే ఉన్నాడు. బిర్యానీ నిలబడి తిన్నాడు, పిల్లవాణ్ణి నిలబడి ఆశీర్వదించాడు. ఆ తర్వాత ప్రతి ఫంక్షన్‌లోనూ ఆయన తొడుగు ఎత్తడం, నిలబడడం మామూలైపోయింది. ఆడవాళ్ళు ఆయన్ని చూడగానే లేచి దూరంగా జరిగేవాళ్ళు. అటు చిన్నమామ వ్యాపారం పెరిగి రెండో వ్యాను కొన్నాడు. రెండు వ్యాన్లయ్యాక ఆ దారి ఇంకా అవసరమైంది.

"చూస్తివా మామా? ఆంక్షలు పెట్టి బాగుచేసినవ్ ఆయన్ని" అన్నాను మండిపడుతూ.

"జెర ఆగు బిడ్డా. బోనాలు రానీ" అన్నాడు.

లష్కర్ బోనాల ఆదివారం చుట్టాలు రాని ఇల్లంటే మా సికింద్రాబాద్‌లో చావు ఇంటితో సమానం. ఆ రోజు తమ్ముడి గడప ఎవరూ తొక్కకపోతే వాడే దిగివస్తాడని పెద్దమామ లెక్క. పదిరోజుల ముందు నుంచే అందరితో ఒట్లు వేయించుకున్నాడు. అందరూ వేశారు. చిన్నమామ ఒట్లేమీ వేయించుకోలేదు. రెండు మేకపోతులు తెచ్చి వాకిట్లో కట్టేశాడు.

మధ్యాహ్నానికి మసాలా వాసన గల్లీ అంతా కమ్మేసింది. మొదట రాఘవేందర్ కదిలాడు. "కోపం మనిషి మీద గని మేక మీద కాదు గద!" అన్నాడు. అది విని గల్లీ మొత్తానికి ధైర్యం వచ్చింది. మా అమ్మ, "తోడబుట్టినోడు, మొహం చూసొస్త" అని గిన్నె పట్టుకుని వెళ్ళింది. మొహం చూడడానికి గిన్నె ఎందుకో నేను అడగలేదు. చివరికి పెద్దత్త కూడా, "నాకు షుగరున్నది, టైముకు తినాలె" అని కొంగు బిగించి నడిచింది. ముసలమ్మ కోసం అందరి గుండెలూ కరిగాయి గానీ, ఒక్కపూట నాలుక కట్టుకోవడం ఎవరివల్లా కాలేదు. థూ!

అయితే అక్కడొక చిక్కు వచ్చింది. బోనాలనాడు మా వాళ్ళింట్లో పెద్దవాడు మొదటి ముద్ద తింటేనే మిగతావాళ్ళు తినాలి. తాతలనాటి ఆచారం. చిన్నమామ అన్న కోసం గడప వైపు చూసీ చూసీ, జనం అరుస్తుంటే చివరికి వడ్డించమన్నాడు. తాను మాత్రం ముట్టలేదు. ఊరంతా ఎముకలు చప్పరిస్తుంటే ఎంగిలిపడకుండా కూర్చున్నాడు. కాసేపటికి లేచి, ఒక పళ్ళెంలో అన్నం, కూర పెట్టి మూత వేసి, గేటు బయట నిలబడి చూస్తున్న నాతో, "కల్పలతా, దా. నేనొక్కన్నే పోతే మొహం మీద తలుపేస్తడు" అన్నాడు.

పెద్దమామ ఇంట్లో లేడు. ఇంటి పక్కన, తమ్ముడి వైపు, దుమ్ము లేస్తోంది. వెళ్ళి చూస్తే ఆయనా, ప్రభుదాసూ గడ్డపారలు పట్టుకుని చెమటలు కారుస్తున్నారు. డప్పుల మోతలో మాకు చప్పుడు వినిపించలేదు. పెద్దమామ తన సొంత ప్రహరీ గోడ కొట్టేశాడు. దాని వెనక ఆయన పడకగది కిటికీ పక్కన ఉన్న జాగా అంతా నేలమట్టం. కనకాంబరాల మడి పోయింది, చాయ్ అందుకునే అరుగు పోయింది. రెండు వ్యాన్లు ఒకదాని వెంట ఒకటి హాయిగా పోతాయి.

"ఏందన్నా గిది?" అన్నాడు చిన్నమామ.

"నీ బండ్లకు తొవ్వ. ఇట్లకెల్లి తోల్కో. అటు దిక్కు గోడ తీసెయ్."

"ముందుగాల్నే చెప్తే అయిపోవు గదనే! గిన్ని దినాలు నన్నెందుకు సతాయించినవ్?"

"ముందుగాల్నే చెప్తే ఇది సుత తీస్కుంటుంటివి, అది సుత ఇడువకపోతుంటివి. నిన్ను నేనెరుగనారా?"

చిన్నమామ తల దించుకున్నాడు. పళ్ళెం నా చేతిలో పెట్టి, అన్న చేతిలోంచి గడ్డపార తీసుకున్నాడు. "నువ్వు తినే, కూర సల్లారుతది" అని ప్రిసిల్లా సందులోకి నడిచాడు. ప్రభుదాస్ కూడా ఆయన వెంట పోయాడు. సాయంత్రానికి కొత్త గోడ లేదు. మటన్ తిన్నవాళ్ళంతా చేతులు కడుక్కుని వచ్చి, ఇటుకలు మోస్తూ, ఆంక్షలు ఎంత బాగా పనిచేశాయో ఒకరికొకరు చెప్పుకున్నారు. రాఘవేందర్ అయితే ఫోటో కూడా దిగాడు.

మరుసటి ఆదివారం పొద్దున్నే పెద్దమామ ఇంటికి వెళ్ళాను. చిన్నమామ వ్యాన్లు ఆయన కిటికీ పక్క నుంచే, గిన్నెలు గలగలలాడిస్తూ పోతున్నాయి. ఇల్లంతా అదురుతోంది. పెద్దమామ చెవుల్లో దూది పెట్టుకుని పేపరు చదువుకుంటున్నాడు. బయట జెరూషమ్మ తెల్లచీర కట్టుకుని, ఒళ్ళో బైబిలు పెట్టుకుని, ప్రభుదాస్‌ను "నిమ్మళంగ తోయ్‌రా, నేనేమన్న కూరగాయల బస్తానా?" అని తిడుతూ వెళుతోంది.

దూది పీకి అడిగాను. "అయితే ఆంక్షలు పనిచేసినట్టేనా మామా?"

"యాడ పంజేసినయ్? తమ్ముడు గాబట్టి ఒక్కపూట కూడు ముట్టలే. ఆడ ఆ దేశాలోళ్ళు ఒకరికొకరు తమ్ముళ్ళైతరా? ఈడ ఊరంత కడుపు నిండ మటన్ తిన్నరు, మంచిగున్న గోడ వోయింది నాది, నిద్ర వోయింది నాది."

"మరెందుకు చేసినవ్ గిదంత?"

ఆయన నా వైపు పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు.

"ఆయమ్మ చర్చికి వోతున్నది గద!" అని దూది మళ్ళీ చెవిలో పెట్టుకున్నాడు.