పెరట్లో నేను అనుమానించని మొక్క

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. ఆ ఏడు మా అలియాబాద్‌లో పోయినట్టే పోయి మళ్లీ వచ్చింది. తెల్లవారి నీళ్లలో చెయ్యి పెడితే జివ్వుమనేది, మధ్యాహ్నానికి నెత్తి మాడిపోయేది. అలాంటి ఒక పొద్దున పెరట్లో టమాటా నారు చూసుకుని ఇంట్లోకి వచ్చాను. కంటి రెప్పలు ఒకటే దురద. దుమ్ము పడిందనుకుని కొంగుతో రుద్దుకున్నాను. సాయంత్రానికి రెండు రెప్పలూ బూరెల్లా ఉబ్బాయి. అద్దంలో నన్ను చూసి నేనే జడుసుకున్నాను.

అప్పటికి నాకు నలభై దగ్గర పడుతున్నాయి. ఇంట్లో మిషను మీద జాకెట్లు కుట్టేదాన్ని. మా ఆయన గేట్లకీ గ్రిల్లులకీ వెల్డింగ్ చేస్తాడు. ఇంటి వెనక కొంచెం జాగా ఉంది. అందులో మా అత్త తన కాలమంతా కూరగాయలు పండించింది, నడుము వంగాక ఆ పని నా చేతికి ఇచ్చింది. వంగ, టమాటా, బీర, సొర, ఒక మూల పుంటికూర, అదే గోంగూర. మిషను మీద కూర్చుని కూర్చుని మెడ పట్టేస్తే లేచి ఆ పెరట్లోకి పోయేదాన్ని. ఆ ఇంట్లో ఇది నాది అని చెప్పుకోగలిగింది అదొక్కటే.

ఒక మాట ముందే చెప్పాలి. నాది పుట్టుకతోనే అనుమానం బుద్ధి. పాలవాడు పాలు పోస్తే వేలు ముంచి చూస్తాను. "నీకు నీ నీడ మీద గూడ అనుమానమేనే," అంటాడు మా ఆయన. అననీ. కాబట్టి మొహం ఉబ్బగానే నేను దుమ్మును వదిలేసి మనుషుల మీద పడ్డాను.

మొదట మా అత్త దిష్టి అంది. "నీ వంకాయలు జూసి ఎవ్వల కండ్లు వడ్డయో పిల్లా," అంటూ ఉప్పూ ఎండుమిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసింది. అసలే ఉబ్బిన కళ్లు, పైన మిరపకాయల ఘాటు. దిష్టి పోయిందో లేదో గానీ నా ప్రాణం పోయినంత పనైంది. తర్వాత ఊళ్లోని ఆర్ఎంపీ దగ్గరికి పోయాను. ఆయన నా మొహం వంక సరిగ్గా చూడనే లేదు.

"వంకాయ తింటున్నవా?"

"మా పెరట్లయే తింట సారు."

"ఇంకేంది మరి! వంకాయ, పుంటికూర బంజెయ్. గవన్ని దురద సామాన్లు."

సూది వేశాడు, గోలీలిచ్చాడు. తగ్గింది. గోలీలు అయిపోగానే మళ్లీ వచ్చింది, ఈసారి మెడ మీదికి, చెవుల వెనక్కి, మోచేతి మడతల్లోకి పాకింది. వంకాయ మానేసి చప్పిడి పప్పు తింటున్నదాన్ని, అదెట్లా వచ్చినట్టు? ఆర్ఎంపీ మీద అప్పుడే నాకు నమ్మకం పోయింది.

అదే రోజుల్లో మా మరిది మల్లేశ్ రావడం ఎక్కువైంది. మా ఆయన తమ్ముడు, పక్క వీధిలోనే ఉంటాడు. కరీంనగర్ రోడ్డు పొడుగునా భూములు ప్లాట్లవుతున్న కాలం అది. అతను అంతకు కొన్నేళ్ల ముందే ఇంకో ఇద్దరితో కలిసి మా వెనక గోడ అవతలి జొన్న చేలు కొని వెంచర్ చేశాడు. దున్ని చదును చేసి రాళ్లు పాతారు. కొన్నవాళ్లెవరూ ఇల్లు కట్టలేదు. అప్పటి నుంచి అలా ఖాళీగానే పడి ఉంది.

"వదినె, నీకు గా మట్టే పడ్తలేదు," అన్నాడు పెరట్లోకి తొంగిచూస్తూ. "ఏండ్ల సంది మందులు కొట్టిన మట్టి. తోట తీసేద్దాం. రెండు రూములు ఏస్తె కంపెనీల పోరలు కిరాయికి ఉంటరు. నీకు పని తప్పుతది, దురద తప్పుతది."

నా దురద మీద అతనికి ఇంత ప్రేమ ఎందుకు? మాట్లాడుతూనే వెనక గోడ పొడుగునా అడుగులేసుకుంటూ నడిచాడు. అవి కొలత అడుగులని నాకు తెలియదా! మా ఆయనేమో, "ఆలోచిద్దాం తియ్," అన్నాడు. ఆ 'తియ్' అనడం నాకు అస్సలు నచ్చలేదు. అన్నదమ్ములు ముందే మాట్లాడుకున్నారని మనసులో పడింది. ఆ రోజు నుంచి పెరట్లో నీళ్ల డ్రమ్ము మీద మూత పెట్టి, దాని మీద బండ పెట్టడం మొదలుపెట్టాను. సబ్బు మార్చాను. తలకు వేసుకునే రంగు పారేశాను. అత్త రాసిన పసుపు కూడా కడిగేసుకున్నాను.

షామీర్‌పేటలో మందుల షాపువాడు ఒక ట్యూబు ఇచ్చాడు. రాసిన మర్నాటికి మొహం నున్నగా అయింది. నేను వాడికి చేతులెత్తి మొక్కాను. ట్యూబు మీద ట్యూబు వాడాను. కొన్నాళ్లకు చర్మం పల్చబడి ఎర్రబడింది, పొయ్యి దగ్గరికి పోతే మంట. రాయకపోతే దురద, రాస్తే మంట. జాకెట్లు కుట్టించుకోవడానికి వచ్చే ఆడవాళ్లు గుమ్మంలోనే నిలబడి కొలత జాకెట్టు అందించి పోయేవాళ్లు. ఒకామె తన కూతురిని నా మంచం మీద కూర్చోనివ్వలేదు. లోపలికి వచ్చి ఏడ్చాను. ఎందుకు దాచాలి, చాలా ఏడ్చాను.

ఉగాదికి ముందు ఒకరోజు ఉక్కపోసి ఉక్కపోసి సాయంత్రం వడగండ్లు పడ్డాయి. బీర పందిరి కూలింది, వంగపూత అంతా రాలిపోయింది. రెండు మూడు రోజులు ముసురు. చిత్రంగా ఆ రోజుల్లో మొహం చల్లబడింది. మళ్లీ ఎండ కాసి గాలి తిరగగానే దురద తిరిగొచ్చింది. ముసురు రోజుల్లో మల్లేశ్ రాలేదు, ఎండ కాయగానే వచ్చాడు. ఇంకేం కావాలి నా బుద్ధికి! మా ఆయనతో తేల్చి చెప్పాను: "పట్నం పెద్దదవాఖానకు తీస్కపోతవా, నన్నే పొమ్మంటవా?"

తీసుకుపోయాడు. స్కిన్ ఓపీలో మా లైను కదిలేసరికి మధ్యాహ్నమైంది. లోపల ఒక మేడం. ట్యూబు పేరు చెప్పగానే తల పట్టుకుంది. "స్టెరాయిడ్ క్రీమ్ ఇది. ఈ రోజు నుంచి ముట్టుకోవద్దు," అంది. తర్వాత నా కంటిరెప్పలూ, మెడా, చెవుల వెనకా, మోచేతుల మడతలూ చూసింది. "బట్ట కప్పని చోటే వచ్చింది కదమ్మా? ఇది తిండి వల్ల కాదు. ప్యాచ్ టెస్ట్ చేద్దాం. మీరు రోజూ ముట్టుకునే మొక్కల ఆకులు తీసుకురండి."

పెరట్లో ఉన్న ప్రతి మొక్క ఆకూ కాగితంలో చుట్టి పట్టుకెళ్లాను. వాటితో పాటు డ్రమ్ములో నీళ్లు ఒక సీసాలో, పెరటి మట్టి ఒక కవరులో. మేడం అవన్నీ బల్ల మీద చూసి నవ్వింది.

"అమ్మా, నువ్వు పేషెంటువా, పోలీసువా?"

"నాకు మా ఇంటోళ్ల మీదనే అనుమానం మేడం," అన్నాను. మా ఆయన పక్కనే ఉన్నాడు, ఉంటే ఉన్నాడు.

"మంచిదే. నాదీ అదే పని. అందరినీ అనుమానిస్తాను, టెస్ట్ అయ్యేదాకా ఎవరినీ దొంగ అనను."

నేను తెచ్చినవీ, దవాఖానవీ కలిపి వీపు నిండా పట్టీలు అంటించారు. తడపొద్దు, చెమట పట్టనీయొద్దు, గోక్కోవద్దు అన్నారు. ఎండాకాలం ముంగిట చెమట పట్టకుండా ఎట్లా ఉంటారో చెప్పలేదు. చెప్పిన రోజుకు పోతే మేడం పట్టీలు ఊడదీసి ఒక్కొక్కటీ చదివింది. "వంగ నెగెటివ్. టమాటా నెగెటివ్. బీర నెగెటివ్." నా పానం లేచొచ్చింది. అంతలో ఒక దగ్గర ఆగింది. "ఇదిగో. మేము పెట్టిన దాంట్లో ఒకటి. పార్థీనియం, త్రీ ప్లస్, చాలా గట్టిగా వచ్చింది. ఎయిర్‌బోర్న్ కాంటాక్ట్ డెర్మటైటిస్ అమ్మా ఇది. ఎండిన ముక్కలు, పుప్పొడి గాలిలో వచ్చి పడినా చాలు."

అదేమిటో నాకు అర్థం కాలేదు. కిటికీలోంచి దవాఖాన గోడ పక్కకు చూపించింది. తెల్లటి చిన్న పూలు, వయ్యారిభామ.

"అది మొక్కేంది మేడం, గడ్డి! నేను పెంచుతలేను దాన్ని."

"పెంచరు. ముట్టుకుంటారా?"

"నేనెందుకు ముడ్త?"

బస్సులో ఇంటికి వస్తూ మేడం మీద కూడా అనుమానపడ్డాను. కూరగాయల ఆకులన్నీ మంచివట, నేను తేని ఆకు చెడ్డదట! ఇంటికి చేరి నేరుగా పెరట్లోకి పోయాను. మా అత్త వంగి టమాటా నారు మీద పచ్చి కొమ్మలు కప్పుతోంది. ఎండకు లేత నారు వడలకుండా పగలు కప్పి, పొద్దు వాలాక తీయడం ఆమె నాకు నేర్పిన పద్ధతే. నేను లేనప్పుడు ఆమె చేస్తుంది. ఆ కొమ్మల చివర తెల్లటి చిన్న పూలు.

దవాఖాన గోడ పక్కన మేడం చూపించిన పూలే.

"అత్తమ్మా, అవేం కొమ్మలు?"

"నువ్వు రోజు గోడవతలికెల్లి కోసుకొస్తవు గదనే."

"నువ్వు నాకు నేర్పినప్పుడు గివేనా?"

ఆమె నడుము మీద చెయ్యి వేసుకుని నిలబడింది. "గప్పుడు తంగేడు కొమ్మలు కప్పుతుంటిమి. తంగేడు ఏడుంది ఇప్పుడు? గట్లన్ని దున్నేసి రాళ్లు పాతిరి. ఏది పచ్చగుంటె గదే కప్పవడ్తిమి." చేతిలోని కొమ్మను తిప్పి చూస్తూ అంది: "మరి నాకేం గాలేదేందే?"

తర్వాత మేడంను అదే అడిగాను. అది అందరికీ పడకపోవాలని లేదు, మీకు పడలేదు, అంతే అంది. అంతే అంటే సరిపోయిందా అని నాకు కోపం వచ్చింది. ఏళ్ల తరబడి ఆ గడ్డిని చేతులారా కోసి, ఒడిలో వేసుకుని తెచ్చి, నా నారు మీద కప్పుతున్నాను. అన్నిటినీ అనుమానించాను గానీ దాన్ని ఒక వస్తువుగా కూడా లెక్కపెట్టలేదు.

ఇక్కడితో అయిపోయిందనుకున్నాను. మా ఆయనకు నా మీద ప్రేమ పుట్టుకొచ్చి, పెరట్లో ఉన్న కొమ్మలన్నీ కుప్పేసి నిప్పు పెట్టాడు. ఆ పొగ ఇంట్లోకి కమ్మింది. మర్నాటికి కళ్లు తెరుచుకోలేదు, చేతుల నుంచి నీరు కారింది. దవాఖానలో అడ్మిట్ చేశారు. స్టెరాయిడ్ గోలీలు మొదలుపెట్టి, తర్వాత అజాథయోప్రిన్ అనే మందు రాశారు. అది వాడినన్నాళ్లూ రక్తపరీక్షలు. ఆ మంచం మీద పడి ఉండగానే మల్లేశ్ మా ఆయనతో అన్న మాట నా చెవిన పడింది: "అన్నా, ఇగ తోట తీసుడే మంచిది. పోయిన పానం మల్లొస్తదా?"

కళ్లు మూసుకునే విన్నాను. డిశ్చార్జి అయి మళ్లీ చూపించుకునే రోజున మాత్రం పట్టుబట్టి మా ఆయనతో పాటు మల్లేశ్‌ను కూడా వెంట తీసుకుపోయాను. నేను చెబితే ఒకటి, అతను చెబితే ఇంకొకటి అవుతుంది. అన్నీ అతని చెవులే వినాలి.

"మేడం, మా మరిది తోట తీసేసి రూములు కడదామంటుండు. తియ్యాల్నా?"

"ఎందుకు తీయాలి?" అంది మేడం. "తోటలో దోషం లేదు. వదిలేసిన జాగాలోనే ఆ గడ్డి వస్తుంది. మీ గోడ అవతల ఏముంది?"

"ప్లాట్లు మేడం. ఖాళీయే."

"ఎవరివి?"

నేను మల్లేశ్ వంక చూశాను. అతను గోడ మీద క్యాలెండరు చూశాడు. మా ఆయన నేల చూశాడు. చివరికి మల్లేశ్ సన్నటి గొంతుతో, "మా వెంచరే మేడం," అన్నాడు.

"అయితే తీయాల్సింది మీ గడ్డి. పూత రాకముందు, వాన పడి నేల మెత్తగా ఉన్నప్పుడు, చేతులకు గ్లౌజులు తొడిగించి వేళ్లతో సహా పీకించండి. కాల్చొద్దు. తోట తీసి మేడలు కట్టినా గాలి ఆగదు బాబూ."

బస్సు అలియాబాద్ దగ్గరికి వచ్చింది. దిగబోతూ మల్లేశ్ అడిగాడు: "వదినె, నువ్వు నన్నేమన్న అనుమానించినవా?"

"నిన్నా? డ్రమ్ముల నీళ్లు గూడ సీసాల వోసుకొని దవాఖానకు వొయిన."

అతను గబుక్కున బస్సు దిగిపోయాడు. మా ఆయన మాత్రం పక్కకు తిరిగి నవ్వాడు. ఆ తొలకరికే మల్లేశ్ మనుషులను పెట్టి ప్లాట్లలో గడ్డంతా పీకించాడు. రూముల మాట మళ్లీ ఎత్తలేదు.

ఇదంతా జరిగి కొన్నేళ్లయింది. జబ్బు పూర్తిగా పోలేదు, పోదని మేడం ముందే చెప్పింది. చలి పోయి గాలి తిరిగే రోజుల్లో రెప్పలు చిమచిమలాడతాయి. అప్పుడు పొడుగు చేతుల జాకెట్టు వేసుకుని, మొహానికి తడిగుడ్డ కట్టుకుని, పొద్దు వాలాకే పెరట్లోకి పోతాను. అజాథయోప్రిన్ ఆపేశారు. వంకాయ తింటున్నాను, పుంటికూర కూడా. నారు మీద పాత చీరలు కప్పుతున్నాను.

నాలాంటివాళ్లకు నేను చెప్పగలిగింది ఒక్కటే. ఏమేం ముట్టుకుంటారని డాక్టరు అడిగితే పెంచేవి, తినేవి మాత్రమే చెప్పకండి. కప్పేవి, ఊడ్చేవి, పీకి పారేసేవి, ఇదేం లెక్కలే అనిపించేవి కూడా పేరు పేరునా చెప్పండి.

మొన్న శివరాత్రి పోయాక మా అత్త ఎక్కడినుంచో కొంగున తంగేడు విత్తనాలు ముడేసుకుని వచ్చింది. గోడ వారన నాటుతూ, "నేను కొమ్మలు గోసే దాంక బతుకుతనో లేదో," అంది. ఏ గుట్ట మీద ఏరుకొచ్చిందో, వాటిలో ఇంకేం కలిశాయో అని నాకు అనుమానం. అరచేతిలో పోసుకుని గింజా గింజా చూశాను. తర్వాత ఆమె పక్కనే కూర్చుని మట్టి కప్పాను.