అంగడిలో మింగిన పేరు

మొన్న ఆదివారం పొద్దున మా కాలనీ సంఘం వాళ్లు ఇద్దరు ఒక కాగితం పట్టుకుని నా సంతకం కోసం వచ్చారు. తుపాకి కేసుల్లో శిక్ష పడ్డ వాళ్ల పేర్లు, ఫొటోలు, వాళ్లు ఎక్కడ ఉంటున్నారో ఆ వివరం, ఎవరైనా ఫోన్‌లో చూసుకునేలా పెట్టాలని సర్కారును అడుగుతూ రాసిన అర్జీ అది. మా వెనక వీధిలో కిరాయికి దిగిన ఒకతని మీద ఎప్పుడో అలాంటి కేసు నడిచిందని ఈ మధ్య తెలిసిందట. అప్పటినుంచి పిల్లలున్న ఇళ్లవాళ్లకు నిద్ర లేదు. వాళ్ల భయం అబద్ధమని నేను అనను. కళ్లద్దాలు కనబడడం లేదని చెప్పి, రేపు రమ్మని పంపించాను. కళ్లద్దాలు నా ఒడిలోనే ఉన్నాయి.

ఈ చౌటుప్పల్‌కు వచ్చి స్థిరపడక ముందు మాది కల్వకుర్తి వైపు పల్లె. యూనియన్ మిలిటరీ వచ్చి నిజాం పాలన పోయిన తర్వాతి రోజులు నా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటాయి. పగలు పోలీసు క్యాంపు, చీకటి పడితే అడవిలోని దళాల వాళ్లు, ఎవరికి అన్నం పెట్టినా ఇంకొకరికి జవాబు చెప్పుకోవలసిన కాలం. అంతకు ముందే, రజాకార్ల అలజడి నడుస్తుండగా, మా మేనత్త భర్తను ముఖాలకు గుడ్డలు కట్టుకున్న వాళ్లెవరో పొలం గట్టు మీద తుపాకితో కాల్చి పోయారు. వాళ్లు ఏ పక్షం వాళ్లో ఆనాడూ తెలియలేదు, ఈనాటికీ తెలియదు. అత్త మా ఇంటికే వచ్చి ఉండిపోయింది.

మా చిన్నాయన దగ్గర ఒక బర్మారు ఉండేది. గొట్టంలో మందు కూరి పేల్చే పాత నాటు తుపాకి. జొన్న కంకి పట్టిందంటే మా వైపు అడవి పందులు మందలుగా దిగేవి, ఒక్క రాత్రిలో చేను నేలమట్టమయ్యేది. ఊరి చేలన్నిటికీ మంచె మీద కావలి ఉండేది చిన్నాయనే. పంట ఇంటికొచ్చాక తలా ఇన్ని జొన్నలు కొలిచి పోసేవారు, దాని మీదే ఆయన బతుకు. ఎప్పుడైనా పంది పడితే ఊళ్లో డప్పు కొట్టే సుంకరి తాతకు ఆయన చేత్తోనే ఒక పాలు పోయేది.

తుపాకులన్నీ తెచ్చి క్యాంపులో అప్పగించాలని చాటింపు వేసినప్పుడు చిన్నాయన తనది ఇవ్వలేదు. దాచాలనీ కాదు, ఎదిరించాలనీ కాదు. ఆ హుకుం మనుషుల మీద పేల్చే తుపాకులకని ఆయన అనుకున్నాడు. సోదాకు వచ్చిన పోలీసులు చొప్ప వామిలోంచి దాన్ని లాగినప్పుడు కూడా ఆయనకు భయం వేయలేదు.

"గిది పందులది సాబ్, మనుషులది గాదు," అన్నాడు.

జైలు నుంచి తిరిగి వచ్చేసరికి వెంట్రుకలు నెరిశాయి. అప్పటికి మా క్యాంపు అమీను, అంటే అక్కడి పోలీసు అధికారి, ఒక పద్ధతి పెట్టి ఉన్నాడు. వేరే చోట ఉందో లేదో నాకు తెలియదు. తుపాకి కేసుల్లో జైలుకు పోయి వచ్చిన వాళ్ల పేర్లను వారం వారం, సంత సాగే అంగడినాడు, జనంలో చాటించడం. సుంకరి తాతకు చదువు రాదు, జవాను ఒకసారి చెబితే పేర్లన్నీ నోటికి పట్టేశాడు. డప్పు మీద నాలుగు దెబ్బలు వేసి, "ఇనుండ్రి! తుపాకి కేసుల జైలుకు పోయొచ్చినోళ్లు వీళ్లు, వీళ్లతోని జర పైలం!" అని మొదలుపెట్టేవాడు. మనిషిని చంపినవాడూ అందులోనే, చేను కాచినవాడూ అందులోనే. మంచె మీద చిన్నాయనను ఎక్కించడానికి మా ఊళ్లో ఎవరికీ ధైర్యం చాలలేదు. కోపం ఉండి కాదు. క్యాంపు వాళ్ల కళ్లు తమ చేను మీద పడతాయని.

అత్త చింతపండు అమ్ముకోవడానికి అంగడికి పోతే నేనూ వెంట పోయేదాన్ని. ఒక అంగడినాడు చిన్నాయన కూడా వచ్చాడు. మా అత్త గంపకు కొంచెం అవతల, వేరే ఊరి రైతు ఒకాయనతో కావలి మాట్లాడుకుంటున్నాడు. తుపాకి లేకున్నా వడిసెలతో రాళ్లు విసిరి పందులను తరుముతానని చేయి తిప్పి చూపిస్తుంటే, ఆ రైతు నవ్వుతూ, "అయితే అమాస ఎల్లినంక వచ్చి మంచె ఎక్కు, పెద్దాయనా," అన్నాడు. అదే సమయానికి డప్పు మోగింది. సుంకరి తాత ఒక్కొక్క పేరే చెబుతూ ఇటు చూశాడు. చిన్నాయన ముఖం చూశాడు, పక్కనున్న రైతును చూశాడు. చిన్నాయన పేరు రావలసిన చోట ఊపిరి పీల్చుకుని తర్వాతి పేరుకు పోయాడు.

అత్త చేయి గంప మీద ఆగిపోయింది. గండం గడిచిందనుకున్నాం. ఇంతలో కల్లు కుండల వైపు నుంచి ఎవడో అరిచాడు.

"ఏం తాతా, ఒక పేరు మింగినవ్! పొద్దుగాలనే ఎక్కిందా?"

"పందుల తుపాకాయన యాడ వాయె?" అని ఇంకొకడు.

జనం నవ్వారు. పగతో నవ్విన నవ్వు కాదది. ప్రతి వారం వినే మాటలో ఒకటి తగ్గితే పిల్లలు పట్టుకున్నట్టు పట్టుకున్నారు, అంతే. ఎవరో చేయెత్తి చిన్నాయనను చూపించారు కూడా. డప్పు పక్కన నిలబడ్డ జవాను తల తిప్పి చూశాడు. సుంకరి తాత డప్పు కట్టె కిందికి దించి, చాటింపు గొంతుతో కాదు, మామూలు గొంతుతో ఆ పేరు చెప్పాడు. పక్కకు చూస్తే ఆ రైతు అప్పటికే ఎద్దుల సంత వైపు నడిచిపోతున్నాడు.

తర్వాత తాత వచ్చి మా గంప దగ్గర తల వంచుకుని నిలబడితే చిన్నాయనే మాట కలిపాడు. "పోనీ తియ్యె, సుట్ట ఉంటె ఇయ్యి," అన్నాడు. ఇద్దరూ చెరొక చుట్ట తాగారు.

ఆ తర్వాత వచ్చిన అమావాస్యకు చిన్నాయన ఊరు విడిచి కోస్గి పోయాడు. అక్కడ పల్లీల మిల్లులో బస్తాలు మోశాడని, ఏ ఊరని ఎవరైనా అడిగితే ఎప్పుడూ వేరే ఊరు చెప్పేవాడని, ఆయన పోయాక తెలిసింది. కబురు మాకు అందేసరికి మట్టి చేసి కూడా చాలా రోజులైంది.

ఆయన వెళ్లిపోయిన తర్వాత కూడా అంగడిలో ఆయన పేరు వినబడుతూనే ఉండింది. అత్త అంగడి మానలేదు. అన్న పేరు అట్లా చాటుతుంటే ఎట్లా కూర్చోగలుగుతావని ఒకసారి నేను అడిగాను. చింతపండు ఉండ చేస్తూనే చెప్పింది.

"మీ మామను కాల్చినోడి పేరు ఏనాడన్న ఇనొస్తదేమోనని పోతున్న బిడ్డా. మా అన్న పేరు వస్తది. గది రాదు."

కొన్నాళ్లకు క్యాంపు ఎత్తేశారు, చాటింపు ఆగింది. సుంకరి తాత పోయాడు. అత్త పోయింది, ఆ పేరు ఎన్నడూ వినకుండానే.

అర్జీ వాళ్లు రెండోసారి వచ్చినప్పుడు కళ్లద్దాలు పెట్టుకుని మొత్తం చదివాను. అత్త ఉంటే సంతకం పెట్టేదేమో, చెప్పలేను. నేను పెట్టలేదు. ఎందుకని వాళ్లు అడిగారు, ఇంత కథ చెప్పలేక కాగితం మడిచి వాళ్ల చేతికిచ్చాను. మా కాలంలో ఆ పేర్లు ఒక మనిషి నోట్లో ఉండేవి. జనం పూర్తి చేసినా, కనీసం ఒక్కసారి ఆయన ఆగి ఆలోచించాడు. ఆ నోరు పోయింది, నవ్విన వాళ్లూ పోయారు, వాళ్లతోపాటు ఆ పేర్లూ మెల్లగా మట్టిలో కలిశాయి. ఇప్పుడు ఫోన్‌లో రాసింది పోదంటున్నారు.

చిన్నాయన పేరు తెలిసిన వాళ్లలో ఇప్పుడు మిగిలింది బహుశా నేనొక్కదాన్నే. ఇంతసేపూ ఆయన గురించి రాశాను గాని, ఆ పేరు మాత్రం ఇక్కడ రాయలేదు.