కోమల మేడం రాసిచ్చిన పన్నెండు పేర్లు

కోమల మేడం కుర్చీలో ఇప్పుడు నేను కూర్చుంటున్నాను. ఆమె గురించి రాయడానికి నీకేం అర్హత ఉందని అడిగితే, ఏమీ లేదు. కానీ ఆమె సంగతి నాకు తెలిసినంత ఈ కాలేజీలో ఎవరికీ తెలియదు. బయట తెలిసినవాళ్లు రాసే రకం కాదు.

ఆమెది శ్రీరాంపూర్ కాలనీ. తండ్రి రాజం బొగ్గుబాయిలో పనిచేసి రిటైరయ్యాడు. క్లబ్బు వెనక సిమెంటు కోర్టులో మగపిల్లలు ఆడి ఇళ్లకు పోయాక, మిగిలిన ఆ కాస్త వెలుతురులో ఆమె బాస్కెట్‌బాల్ నేర్చుకుంది. వ్యాయామ విద్యలో బీపీఎడ్ చేసింది. పద్నాలుగేళ్లు మా మహిళా డిగ్రీ కాలేజీలో గెస్ట్ ఫిజికల్ డైరెక్టర్‌గా పనిచేసింది. ఆ ఉద్యోగం ప్రతి ఏప్రిల్‌లో అయిపోతుంది. ప్రతి జూన్‌లో మళ్లీ దరఖాస్తు పెట్టుకోవాలి. పద్నాలుగుసార్లు పెట్టుకుంది, పద్నాలుగుసార్లూ ఆమెకే వచ్చింది. ఇంకెవరూ పెట్టలేదు కాబట్టి వచ్చింది. ఈ మాట ఆమె తన దగ్గర ఆడే పిల్లలకు గానీ, వాళ్ల తల్లిదండ్రులకు గానీ ఏనాడూ చెప్పలేదు.

జట్టంటే పన్నెండు మంది. మూడేళ్ల డిగ్రీ కాబట్టి ఏటా కొందరు పోతారు, ఏటా వెతుక్కోవాలి. జిల్లా పోటీల్లో పేరొచ్చిన పిల్లల్ని కరీంనగర్ ప్రైవేటు కాలేజీలు హాస్టల్ ఫ్రీ, బూట్లు ఫ్రీ అని తన్నుకుపోయేవి. మేడం దగ్గర ఇవ్వడానికి ఏమీ లేదు. అందుకని ఆమె ఎవరూ చూడని చోట చూసేది. పత్తి తీసే రోజుల్లో ఆదివారం వచ్చిందంటే ఆదిలాబాద్ బస్సెక్కి, దారిలో ఎక్కడో దిగి, చేల వెంట తిరిగేది. ట్రాక్టరు ట్రాలీకి మనిషెత్తు మీద వలలాంటి జాలీ కడతారు కదా, దాని పైనుంచి పత్తి మూటలు లోపలికి విసిరే ఆడపిల్లల్ని చూస్తూ నిలబడేది.

నేను అట్లా దొరికినదాన్నే. ఉట్నూర్ పక్కన మాకు ఆరెకరాల చేను. ఎవరో పట్నపామె పొద్దుటినుంచి గట్టు మీద నిలబడి నన్నే చూస్తుంటే, పత్తి కొనే సేటు మనిషేమో అనుకున్నాను. మధ్యాహ్నం దాటాక దగ్గరికి వచ్చింది. నా పేరు అడగలేదు, ఇంటర్ అయిందా అని అడిగింది. అందరూ చేతులు చూస్తారు, నేను మోకాళ్లు చూస్తానని తర్వాత ఎప్పుడో చెప్పింది. విసిరే ముందు మోకాళ్లు వంచే పిల్లకు బంతి వేయడం సగం వచ్చినట్టేనట.

నన్ను కన్న మా అవ్వ బాలవ్వ ఊరికే ఒప్పుకునే మనిషి కాదు. చుట్టం లేడు, పక్కం లేడు, ఆ ఊళ్లో నా బిడ్డకు ఎవరు దిక్కని నిలదీసింది. మేడం వెంటనే జవాబిచ్చింది.

"నేనుంట గదా అవ్వా. మూడేండ్లు యాడికి పోను."

ఆ మాట మీదే మా అవ్వ నన్ను పంపింది. పద్నాలుగేళ్లలో అదే మాట మీద ఎన్ని ఇళ్లనుంచి పిల్లలొచ్చారో. అది అబద్ధం. అదృష్టం కొద్దీ ఈ ఏడాది దాకా ప్రతిసారీ నిజమైంది, అంతే.

డిగ్రీ అయ్యాక కూడా మేడం నన్ను వదిలిపెట్టలేదు, బీపీఎడ్ చేయించింది. నా తీరుగ బీపీఎడ్ కాడ ఆగకు, పైకి చదువు అని వెంటబడి ఎంపీఎడ్ ఫారం తనే నింపింది. నేను చదివాను. చదివి, కరీంనగర్‌లో ఒక ప్రైవేటు స్కూల్లో చేరితే, పీఈటీ పేరు చెప్పి పొద్దునా సాయంత్రం బస్సుల్లో పిల్లల్ని లెక్కబెట్టే పని ఇచ్చారు. నాలుగేళ్లు లెక్కబెట్టాను.

ఈ జూన్‌లో మా కాలేజీ గెస్ట్ పోస్టుకు నోటిఫికేషన్ చూశాను. ఎంపీఎడ్ ఉన్నవాళ్లకు మార్కులు ఎక్కువ. మేడం పెడుతుందని తెలుసు, నేను పెడితే ఆమెకు రాదనీ తెలుసు. పెట్టాను. అప్పుడు నాకు నేను చెప్పుకున్న కారణాలు చాలా ఉన్నాయి, ఇక్కడ రాయడానికి సిగ్గేస్తోంది. ఆమెకు ఫోన్ మాత్రం చేయలేదు.

ఇంటర్వ్యూ రోజు వరండాలో నన్ను చూసి ఆమె ముఖం వెలిగిపోయింది. తన కోసం వచ్చాననుకుంది. ఎప్పుడొచ్చినవ్, తిన్నవా అని అడిగింది. తర్వాత నా చేతిలోని ఫైలు చూసింది. బెంచీ మీద కొంచెం పక్కకు జరిగి నాకు చోటిచ్చింది. ఆ పక్కన కూర్చున్న అరగంట నేను ఎట్లా కూర్చున్నానో నాకే తెలియదు.

నేను చేరిన వారానికి ఒకసారి గేమ్స్ రూముకు వచ్చింది. నోట్‌బుక్ కాగితం ఒకటి నా ముందు పెట్టింది. వచ్చే సీజన్ జట్టు. బంతి నడిపే నవతతో కలిపి ఏడుగురు డిగ్రీ అయిపోయి వెళ్లారు. ఉన్నవాళ్లు ఐదుగురు, చలికాలమంతా తిరిగి ఆమె తెచ్చిన కొత్తవాళ్లు ఏడుగురు. ప్రతి పేరు పక్కనా ఒక ముక్క రాసింది. ఒకామెకు "తిడితే బంతి ఇయ్యది, తిట్టొద్దు." ఇంకొకామెకు "పొద్దున తినకుంట వస్తది, అడుగు." చివరి పేరు శ్యామల. ఉట్నూర్ దగ్గరి పల్లె. "ఐదడుగుల తొమ్మిది. సీటొచ్చింది, ఇంకా చేరలే. వాళ్లవ్వ మల్లక్కకు మాటిచ్చిన."

కూర్చోమన్నాను, కూర్చోలేదు. గుమ్మం దాకా పోయి ఆగింది.

"సదువుమన్నది నేనే, సదివినవ్. గని ఒక్క ఫోన్ చెయ్యకపోతివి తిరుమలా."

నేను ఆ కాగితాన్ని మళ్లీ మొదటి పేరునుంచి చదవడం మొదలుపెట్టాను.

మిగిలినవాళ్లంతా చేరారు. శ్యామల రాలేదు. చేరే గడువు రెండు రోజులుందనగా జీపెక్కి ఆ పల్లెకు పోయాను. మల్లక్క చేనులోంచి వచ్చి మంచినీళ్లిచ్చింది. శ్యామల గడప తగలకుండా తల వంచి బయటికి వచ్చింది. బట్టల సంచి సర్ది గోడకు ఆనించి ఉంది. అది చూసి నా మనసు కుదుటపడింది. ఈ పిల్ల బోర్డు కింద నిలబడితే ఈ ఏడు మమ్మల్ని ఆపేవాళ్లు లేరు.

మల్లక్క ఎదురుగా కూర్చుని ఒక్కటే అడిగింది.

"మీరు మూడేండ్లు ఉంటరా మేడం?"

నా ఉద్యోగం ఏప్రిల్ దాకే. ఆ మాట నాలుక మీదికి కూడా రాలేదు. "ఉంట అక్కా. యాడికి పోను" అన్నాను. మేడం గొంతు నాకు అంత బాగా వస్తుందని అప్పుడే తెలిసింది.

మల్లక్క నా చేతిలోని ఖాళీ గ్లాసు తీసుకుంది.

"మొన్న కోమల మేడం వానల తడుసుకుంట వచ్చింది. నౌకరి ఏడాదిదేనట. మూడేండ్లు ఉంటనని నీకు అబద్ధం చెప్పిన, మన్నించు అన్నది. కొత్త మేడంను గూడ గిదే అడుగు, నిజం చెప్తె బిడ్డను ఫికర్ లేకుంట పంపు అన్నది."

కోపంగా అనలేదు, బాధగానే అంది. శ్యామల వాళ్లవ్వ ముఖం చూసింది, నా ముఖం చూసింది. సంచి తీసుకుని లోపలికి పోయింది.

తిరుగు జీపులో దారి పొడుగునా అదే ఆలోచన. పంపొద్దని మేడం ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. నేను నిజం చెబుతానని నమ్మి వచ్చిందా, చెప్పనని ఎరిగే వచ్చిందా? ఎరిగి వచ్చినా నాకు ఆమె మీద కోపం చేసుకునే హక్కు లేదు. ఆ పిల్ల ఇప్పుడు మళ్లీ చేనులోనే ఉంటుంది. అది మాత్రం నా పుణ్యమే.

పదకొండు పేర్లతో జట్టు లిస్టు పంపించాను. మేడంకు ఫోన్ చేసి జరిగింది చెప్పాలి. ఇవాళ్టికి ఇరవై రోజులు. ఇంకా చేయలేదు.