శ్రుతిపెట్టె మీద నేను గెలిచిన బేరం

బేరంలో ఓడి పరువు పోగొట్టుకున్నవాళ్లను మీరు చూసే ఉంటారు. నేను గెలిచి పోగొట్టుకున్నాను. అదెలాగో చెబితే ఇకమీద మీరు కొసరు అడగడానికి కూడా జంకుతారు.

ఫ్రెంచివాళ్లు యానాం వదిలి వెళ్లిన మరుసటి ఏడు. మాది బజారులో బట్టల కొట్టు. గజానికి అంగుళం మిగలాలంటే గజంబద్ద పక్కన బొటనవేలు ఎక్కడ ఆనించాలో నాకు ఓనమాలకన్నా ముందే వచ్చు. అలాంటి నాకు పద్యాలు పాడే సూర్రావుగారంటే పిచ్చి. ఆయన కచేరీ ఉందంటే కొట్లో నిలబడ్డ గిరాకీని వదిలి వెళ్లేవాణ్ణి. మా వంశంలో అంత త్యాగం ఎవరూ చేయలేదు.

ఆయన్ని మా ఊరు రప్పిస్తానని బజారంతా చాటి, పడవెక్కి ఏరు దాటి ఆయన ఇంటికి వెళ్లాను.

"వస్తాను. మీ ఊళ్లో వినేవాళ్లుంటే ఏటా వస్తాను," అన్నారు.

"వెనకాల ఎంతమందండి?"

"ముగ్గురు. ఫిడేలు, మృదంగం, శ్రుతిపెట్టె."

శ్రుతిపెట్టె పట్టే అప్పలస్వామి అనే ముసలాయన అక్కడే అరుగు మీద కూర్చుని ఉన్నాడు. కచేరీల్లో ఆయన్ని చూశాను. పెట్టె తిత్తి తెరవడం, మూయడం, మొదటినుంచి చివరిదాకా ఒకటే గుయ్యిమనడం. మా కొట్లో పంకా లాగే మనిషే నయం, గాలైనా వస్తుంది.

"ఈయనెందుకండీ? ఒకటే స్వరం కదా. ఆమాత్రం నేనూ ఆడిస్తాను."

సూర్రావుగారు నన్ను ఎగాదిగా చూసి, "అలాగే, మీరే పట్టండి," అన్నారు.

ఒక మనిషి ఖర్చు తగ్గింది, పైగా నా దేవుడి పక్కనే నాకు చోటు. పడవలో తిరిగొస్తూ నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఆదివారం మధ్యాహ్నం పందిరి నిండిపోయింది. కనకాలపేట నుంచి కూడా జనం వచ్చారు. ఇస్త్రీ లాల్చీ వేసుకుని పెట్టె ముందు పెళ్లికొడుకులా కూర్చున్నాను. సూర్రావుగారు రాగం అందుకున్నారు. అది పైపైకి వెళ్లి అక్కడ నిలబడింది. నేను రెండు చేతులూ ఎత్తి "వన్స్‌మోర్" అని అరిచాను.

గుయ్యి ఆగిపోయింది. ఆయన రాగం నిచ్చెన లాగేసిన మనిషిలా గాలిలో వేలాడింది.

"ఏటి బావా, అప్పుడే కొట్టు కట్టేశావా?" అన్నారెవరో.

రెండో పద్యానికీ చేతులు లేచాయి. ముందు వరసలోంచి మా నాన్నగారు, "నీ చేతులు నా పంచెతో కట్టనా?" అన్నారు. మూడోసారి సూర్రావుగారు పాటే ఆపేసి, "మీరు వినడానికొచ్చారా, పట్టడానికొచ్చారా?" అని అడిగారు. ఏటా వస్తానన్న మాట గోదాట్లో కలిసిపోతున్నట్టు కనిపించింది.

అప్పుడు జనంలోంచి అప్పలస్వామి లేచాడు. తనంతట తానే ఏరు దాటి వచ్చి కింద కూర్చున్నాడట. పైకెక్కి పెట్టె తన వైపు జరుపుకున్నాడు. గుయ్యి మొదలైంది. కాసేపటికి అది ఎవరికీ వినిపించడం మానేసింది, పాట ఒక్కటే వినిపించింది.

కచేరీ అయ్యాక పెట్టె నేనే మోసుకుంటూ రేవుదాకా వెళ్లాను.

"అంత బాగా పాడుతుంటే మీ చెయ్యి ఎలా ఆగకుండా ఉంటదండీ?"

"ఆయ్, నేను పాట ఇననండి. ఇంటే చెయ్యి ఆగిపోద్ది. ఇరవయ్యేళ్లు పక్కనే కూకున్నాను గానండి, ఆయన పాట ఇన్నది ఇయ్యాలే. మీ పుణ్యమాని కింద కూకున్నాను కదండి."

"ఎలా ఉంది?"

"బాగా పాడతాడండి. మీరే మూడుసార్లు ఆపేశారు."

పడవలోంచి సూర్రావుగారు నవ్వి, "వచ్చే ఏడు వస్తాం. నలుగురం," అన్నారు.

ఆ రేవులోనే, మోకాలిలోతు నీళ్లలో నిలబడి ప్రమాణం చేశాను. వెనక కూర్చునేవాళ్ల మీద ఈ జన్మలో బేరమాడను. ముందు కూర్చుని పాడేవాళ్ల సంగతి మాత్రం ఆ ప్రమాణంలో లేదు.