నర్సమ్మ పడ్డ పూచీ

ఆ ఆసుపత్రిలో పొగ మాన్పించే గది ఒకటుంది. అక్కడి నర్సమ్మకు రోగులు పెట్టిన ముద్దుపేరు హెడ్మాస్టరమ్మ. అందులో ముద్దు కాస్త తక్కువ, భయమే ఎక్కువ. వచ్చినవాళ్ల చేత గొట్టంలో ఊదించేది. ఒంట్లో పొగ ఎంతుందో మిషను అంకె చూపించేది. అంకె పెరిగిందా, "నాకు అబద్ధం చెప్తే చెప్పారు, దీనికి చెప్పలేరుగా" అని అందరి ముందూ కడిగి పారేసేది. తను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. అలాగని చెడ్డ మనిషి కాదు సుమండీ. మానేసినవాళ్లకు ఆదివారం కూడా ఫోన్ చేసి, "ఇవాళెలా ఉంది, నోరు పీకుతోందా?" అని అడిగేది. అంత ఓపిగ్గా కట్టుకున్న పెళ్లాలే అడగరు.

ఆమె బడిలో ఫస్టు మార్కు వడ్రంగి మేస్త్రీది. ముప్పై ఏళ్ల సిగరెట్టు అయిదు నెలల్లో వదిలేశాడు. ఏడాది నిండాక, ఇక మీకు గొట్టం అక్కర్లేదని తనే మాఫీ చేసింది. కొత్తగా ఎవరొచ్చినా, "ఆయనకు లేని కష్టాలా మీకు? చూసి నేర్చుకోండి" అనేది. మేస్త్రీ తల వంచుకుని నవ్వేవాడు. ఆమె అది మొహమాటం అనుకునేది.

ఒకరోజు కోత మిషను మీద అతని కుడి బొటనవేలు తెగిపోయింది. తెగిన వేలిని ఐసులో పెట్టి తెచ్చారు. డాక్టరు ఏడు గంటలు నిలబడి, వెంట్రుకంత నరాలూ రక్తనాళాలూ కలిపి కుట్టాడు.

"ఒక్క సిగరెట్టు చాలు, నాళాలు ముడుచుకుపోయి వేలు చచ్చిపోతుంది. ఈయన కాలుస్తాడా?" అని వార్డులో అడిగాడు.

"నా పేషెంటేనండీ. ఎప్పుడో మానేశాడు. పూచీ నాది," అంది హెడ్మాస్టరమ్మ.

ఊదించి చూస్తే రెండు నిమిషాల పని. రోజుకు ముప్పైమంది చేత ఊదించే మనిషి, మేస్త్రీకి అదేం అవసరం అనుకుంది.

మూడో రోజు పొద్దున కట్టు మార్చడానికి వంగేసరికి అతని చొక్కా నుంచి గుప్పుమని పొగ వాసన. వేలు మాత్రం ఇంకా ఎర్రగా, వెచ్చగానే ఉంది. అడగాలి. అడిగితే అందరి ముందూ పడ్డ పూచీ ఏం కాను? చూడ్డానికొచ్చిన బావమరిది కాల్చి ఉంటాడులే అని తనకు తానే సర్దిచెప్పుకుని, కట్టు కట్టేసి వెళ్లిపోయింది.

సాయంత్రానికి వేలు నీలంగా మారింది. అప్పుడు స్టూలు లాక్కుని, గొంతు తగ్గించి అడిగింది.

"మళ్లీ మొదలెట్టి రెండు నెలలైందమ్మా," అన్నాడు మేస్త్రీ. "మీరేమో నలుగురికీ నన్నే చూపిస్తున్నారు. ఏ మొహం పెట్టుకుని చెప్పను? ఇక్కడ కూడా మెట్ల కింద, ఇవాళ పొద్దున ఒకటి, మధ్యాహ్నం రెండు కాల్చాను."

ఆమె పరుగున వెళ్లి డాక్టరుకు చెప్పింది. మందులు మార్చారు, చేయగలిగిందంతా చేశారు. అయిదో రోజు వేలు తీసేశారు. డాక్టరు ఆమెను ఒక్క మాటా అనలేదు. నాలుగు తిట్టినా బాగుండేదని ఆమె ఏడ్చింది. సిగ్గుతో వారం రోజులు ఆ వార్డు వైపు వెళ్లలేదు.

మూడు వారాలకు మేస్త్రీయే ఆమె గదికి వచ్చాడు.

"ఉలి పట్టడం ఇక కుదరదు. ఈ పాడు అలవాటైనా మళ్లీ వదిలించండమ్మా," అన్నాడు. ఆమె మొహం చూసి అతనికే జాలేసింది. "మీ తప్పేముందమ్మా, కాల్చింది నేను."

అక్కడితో ఊరుకోవచ్చు. ఆ వాసన సంగతి లోకంలో ఇంకెవరికీ తెలియదు.

"మేస్త్రీ గారూ," అంది ఆమె, చూపు బల్ల మీది నుంచి ఎత్తకుండా. "ఆ రోజు పొద్దున కట్టు మార్చేటప్పుడే నాకు వాసన వచ్చింది. నా పరువు పోతుందని అడగలేదు."

మేస్త్రీ కుడిచెయ్యి ఒళ్లోకి తీసుకున్నాడు.

"అడిగుంటే చెప్పేసేవాణ్ణమ్మా," అన్నాడు. "చెప్పాలనే, అంత దగ్గరగా వంగినప్పుడు మీ వైపే చూస్తూ ఉన్నాను."