పుంత అంటే దారే

వాన పడితే మా తాడేపల్లిగూడెం చివరి వీధుల్లో కాళ్లకు అంటుకునే ఎర్రమట్టి అంటే నాకు రోత. అది మా మట్టి కాదు. మా చేలది నల్లమట్టి. చింతలపూడి, కామవరపుకోట వైపు మెట్టల్ని తవ్వి, టిప్పర్లతో తోలుకొచ్చి మా వరిచేలల్లో పోసిన గ్రావెల్ అది. నిలువెత్తున పోసి, రోలరు తిప్పి, రాళ్లు పాతి, రంగురంగుల జెండాలు కట్టి దానికి వెంచర్ అని పేరు పెడతారు. నాలుగు చినుకులు పడేసరికి ఆ గట్టు కరిగి ఎవరో ఒకరి గుమ్మంలోకి దిగుతుంది. మిగిలింది కాలవల్లో పడి కొల్లేటి దాకా పోయి అక్కడ మేట వేస్తుంది. అక్కడి వాళ్లు ఎవర్ని తిట్టుకోవాలో తెలియక వానని తిట్టుకుంటారు.

ఇంత అసహ్యించుకునే నేను పొట్ట పోసుకునేది ఆ వెంచర్లకు ప్లాన్లు గీసే. నిబంధనలు లేవనుకోకండి. నిక్షేపంలా ఉన్నాయి. వాననీటికి డ్రెయిను చూపించాలి. డ్రెయిను చివర మట్టి దిగడానికి గుంట చూపించాలి. పాత నీటిదారులు మూయకూడదు. ‘చూపించాలి’ అన్నారు కనుక చూపిస్తాం. నీలం గీత గీస్తే డ్రెయిను, చిన్న చదరం వేస్తే గుంట. తనిఖీకి వచ్చే ఆయన ఎండాకాలంలో కారులో వస్తాడు. కాగితం మీద గీత ఉందో లేదో చూస్తాడు. నేల మీద కూడా చూడమని ఆయన్ని ఎవరూ అడగరు. ఆయనకి కొబ్బరిబొండం కొట్టించి, స్ట్రా వేసి చేతికిచ్చేది నేనే.

మా వైపు పుంత అంటే చేల మధ్య బండ్లు, పశువులు నడిచే దారి. ఏళ్ల తరబడి చక్రాలు తొక్కీ తొక్కీ అది చేలకన్నా లోతుగా ఉంటుంది. అందుకని ఎండల్లో మనుషులు నడిస్తే వానల్లో నీళ్లు నడుస్తాయి. ఇక్కడ పుట్టినవాడికి ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. ఒక వెంచరు పక్కనుంచి అలాంటి పుంత ఒకటి పోతోంది. ఆ వెంచరు యజమాని నా కుర్చీ వెనక నిలబడి, “పుంత అని ఎందుకండీ, చూసేవాళ్లకి పల్లెటూరి మాటలా ఉంటుంది. దారే కదండీ, నలభై అడుగుల రోడ్డు అని వేసెయ్యండి” అన్నాడు. వేసేశాను. రోడ్డు అన్నాక గ్రావెల్ పోసి మెరక చెయ్యాలి కదా. శుభ్రంగా చేశారు.

ఆ పుంత ఒడ్డునే ఒక పెంకుటిల్లు ఉంది. మిషన్ స్కూల్లో పనిచేసి రిటైరైన టీచరు గారిది. నాకు మూడో తరగతి చెప్పారు. ఒక్కరే ఉంటారు. పుంత పూడిపోయాక ఎగువ నీళ్లన్నీ వెంచరు మట్టిని వెంటేసుకుని ఆవిడ వాకిట్లోకి మళ్లాయి. నూతిలో నీళ్లు పల్చటి టీ రంగుకు వచ్చాయి. వంటింటి గోడ పునాది నాని నెర్రెలిచ్చింది. ఇంకో వానాకాలం తట్టుకోదని మేస్త్రీ చెప్పేశాడు.

ఆవిడ ప్లాన్లు మంజూరు చేసే ఆఫీసుకు అర్జీ పెట్టుకున్నారు. పిలుపు వచ్చిన రోజు, “ప్లాన్ల సంగతి నీకు తెలుసు కదా బాబూ, కాస్త నా పక్కనుండు” అని నన్ను వెంటబెట్టుకెళ్లారు. ఆ ప్లాను నా చేత్తో గీసిందేనని ఆవిడకి తెలియదు.

ఆఫీసరు ప్లాను బల్ల మీద పరిచాడు. వెంచరు యజమాని అప్పటికే ఎదురు కుర్చీలో ఉన్నాడు.

“ఏవండీ, ఇక్కడ రోడ్డుందండీ. నీళ్ల దారిని మూసేశారంటున్నారు, ఆ దారేదండీ?” అన్నాడు ఆఫీసరు.

“అక్కడ పుంత ఉండేదండీ. వానాకాలం మోకాల్లోతు నీళ్లు పోయేవి. ఈ బాబు కూడా ఎరుగును.”

ఆఫీసరు నా వైపు తిరిగాడు. “గీసింది మీరే కదండీ. అక్కడ ఏముండేదండీ?”

టీచరు గారు నా మొహంలోకి చూశారు. పుంత అని ఒక్కమాట అంటే చాలు. రోడ్డు కోసి తూము వేయమని ఆయన రాయక తప్పదు. యజమాని మాత్రం నన్ను చూడనేలేదు, ఫోను చూసుకుంటున్నాడు. ఆయన తర్వాతి వెంచరు పని నా కంప్యూటర్లో సగంలో ఉంది.

“దారి ఉండేదండీ” అన్నాను.

“కాలవేమైనా ఉందాండీ?”

“కాలవ లేదండీ.”

రెండూ నిజాలే. ఒక్క అబద్ధమైనా ఆడకుండా అంత నీచమైన పని చేయొచ్చని ఆ రోజు తెలిసింది. అర్జీ మూసేశారు. మెట్లు దిగుతూ టీచరు గారే నాకు సర్దిచెప్పారు.

“నువ్వు తప్పేం చెప్పలేదులే బాబూ. పుంత అంటే దారే.”

ఆ గొంతులో ఎత్తిపొడుపు ఉందేమోనని వెతుక్కున్నాను. లేదు. చెడామడా తిట్టినా ఆ రాత్రి అన్నం సయించేదేమో.

తర్వాతి వానాకాలం వంటింటి గోడ పడింది. నేను వెళ్లేసరికి ఆవిడ వసారాలో పొయ్యి పెట్టుకుని, చీర కుచ్చెళ్లు ఎగదోపి, పారతో ఎర్రబురద గుమ్మం బయటికి నెడుతున్నారు. నా బుద్ధి చూడండి, ఆ బురదలో నిలబడి కూడా నాకు తోచింది మెరకే.

“మీరూ వాకిలి మెరక చేయించెయ్యండి టీచర్ గారూ. రోడ్డుకన్నా అడుగెత్తు పోయిస్తే ఇక చుక్క రాదు. గ్రావెల్ నేను తోలిస్తాను.”

ఆవిడ నడుం ఎత్తి నిలబడ్డారు. “మరి ఆ నీళ్లు ఎటు పోతాయి బాబూ?”

వెనక రేకుల ఇంట్లో బట్టలు కుట్టే సాయిబు గారి కుటుంబం ఉంటుంది. మిషను చప్పుడు మా ఇద్దరికీ వినిపిస్తూనే ఉంది.

“వెనకింట్లోకండీ” అన్నాను.

“అయితే వద్దులే” అని ఆవిడ మళ్లీ పార అందుకున్నారు.