సారుకు నేను తెచ్చిన డిస్టింక్షన్

ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. రాజమండ్రిలో మా కాలేజీ లెక్చరరు గారి గదిలో పటం కట్టి వేలాడుతున్న ఆన్‌లైన్ కోర్సు సర్టిఫికెట్టు నా కష్టార్జితం.

ఆయన ప్రమోషన్‌కి ఆ కోర్సు తప్పనిసరట. నా డిగ్రీ చివరి ఏడాదిలో ఒకరోజు వరండాలో నన్ను ఆపి, "నువ్వెలాగూ ఎవరితోనూ మాట్లాడవు కదమ్మా, నా పరీక్షలు కాస్త రాసిపెట్టు" అని పాస్‌వర్డ్ కాగితం చేతిలో పెట్టారు. పీజీలో చేరడానికి నాకు ఆయన సిఫారసు ఉత్తరం కావాలి. తలూపాను.

కోర్సు పేరు 'విద్యార్థి మనసు తెలుసుకోవడం ఎలా?' కడియంలో మా నర్సరీలో మొక్కలకు నీళ్లు పెడుతూ పాఠాలన్నీ ఫోన్లో విన్నాను. వెనక బెంచీలో మౌనంగా కూర్చునే పిల్లను పేరు పెట్టి పలకరించాలని చెప్పినప్పుడు నా కళ్లు చెమర్చాయి. పరీక్షలో అదే జవాబు పెట్టాను. మా తరగతిలో మాత్రం సారు రోల్ నంబర్లు పిలిచి, తెర మీద ఎవరిదో వీడియో పెట్టేసి, టీకి వెళ్లిపోయేవారు.

సారుకు డిస్టింక్షన్ వచ్చింది. సభ పెట్టి శాలువా కప్పారు. "పిల్లల మనసు చదవాలండి!" అని ఆయన ఉపన్యసిస్తే నేనూ చప్పట్లు కొట్టాను.

మర్నాడు ఉత్తరం కోసం వెళ్లాను. "నీకు కాకపోతే ఇంకెవరికి రాస్తానమ్మా!" అంటూ ఆ పటం కిందే కూర్చుని, నన్ను మెచ్చుకుంటూ ఒక వాక్యం మొదలుపెట్టి, పెన్ను ఆపారు.

"ఇంతకీ నీ పేరేంటమ్మా?"